టబ్బుకు ఊపిరితిత్తులు

ఆ బొమ్మ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభై ఏడులో, హసన్‌పర్తి దారిలోని మా కాలేజీ ల్యాబులో మనిషి ఛాతీ చుట్టూ లోహపు బిళ్లలు అతికించి, తెలియనంత సన్నని కరెంటు పంపి వోల్టేజీలు కొలిచేవాళ్లం. గాలి నిండిన చోట కరెంటు సరిగా పోదు, నీరు చేరిన చోట పోతుంది. కంప్యూటర్ ముందుగా లోపలి బొమ్మ ఒకటి ఊహిస్తుంది. ఆ బొమ్మ ప్రకారం రావాల్సిన వోల్టేజీలకూ మేం కొలిచిన వాటికీ ఉన్న తేడా తగ్గేదాకా ఆ బొమ్మను దిద్దుతుంది.

మా పరిశోధన గైడు రాజేశ్వర్ రావు సార్‌కు ఇలా వచ్చే మరకల బొమ్మలు నచ్చలేదు. ఆరోగ్యమైన ఛాతీ బొమ్మను ప్రోగ్రాములో పెట్టి, కొలతలు ఏం చెప్పినా దానికి దూరం జరగకుండా లెక్కలో పెద్ద జరిమానా పెట్టారు. ఇక ఎవరిని కొలిచినా ముచ్చటైన బొమ్మే.

మా అటెండరు పోశయ్యకు దగ్గు, ఆయాసం. సార్ ఆయన్ని కొలిచి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, దవాఖాన అక్కర్లేదని బొమ్మ చేతికిచ్చారు. పోశయ్య దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుని దవాఖాన మానేశాడు. జరిమానా తగ్గించి అవే కొలతలతో నేను మళ్లీ చేస్తే, కుడివైపు కింద నీళ్లు చేరినట్టు పెద్ద మరక వచ్చింది. అది కొలతల్లోని తప్పని, మా పరికరం చూడ్డానికి హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నారని, నోరు మూసుకోమని సార్ అన్నారు. పోశయ్యకు చెబితే, సారు కన్నా నాకెక్కువ తెలుసా అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే దగ్గొచ్చింది.

పెద్దలొచ్చిన రోజు పోశయ్యనే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన భార్య మొగిలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను ఆయన ఛాతీకి బిళ్లలు అతికించాను గానీ, తీగలు వాటికి కలపలేదు. కుర్చీ వెనక, పరికరం సరిచూసుకునే ఉప్పునీళ్ల టబ్బుకు కలిపి, సార్ ప్రోగ్రామే నడిపాను. ప్రింటరు గరగరమని బొమ్మ అచ్చువేసింది. రెండు ఊపిరితిత్తులు, కడిగినంత శుభ్రంగా. వచ్చిన పెద్దాయన భేష్ అన్నాడు.

"ఇవి పోశయ్యవి కావు సార్," అన్నాను. "ఈ టబ్బువి."

సార్ నన్ను బయటికి నడవమన్నారు. మొగిలమ్మ మాత్రం లోపలికి వచ్చింది.

"గీ టబ్బును జూసేనా సారూ, మా ఆయనను దవాఖానకు పోవద్దన్నది?"

పోశయ్య బిళ్లలు పీకేసి చొక్కా తొడుక్కున్నాడు. ముగ్గురం బస్సెక్కాం.

దవాఖానలో ఆయన కుడి పక్కనుంచి సీసాడు నీళ్లు తీశారు. పోశయ్య ఆ సీసాను చూపించాడు.

"గిన్ని నీళ్లు బొమ్మల ఎందుకు రాలే బిడ్డా?"

"కొలతలల్ల ఉన్నయి కాకా," అన్నాను. "సారే రానియ్యలే."