పాట పెట్టేముందు ఫ్యాన్లు ఆపాలి

సాయంత్రం మామగారు పాట పెట్టారంటే హాల్లో ఫ్యాన్ ఆగాలి, ఫ్రిజ్ ఆగాలి, మిక్సీ నోరెత్తకూడదు. ఆయన స్పీకర్లలో ఎక్కడినుంచో సన్నగా జుయ్‌మని ఒక రొద. ఫ్రిజ్ ఆపారు, పోలేదు. వాషింగ్ మెషీన్ ఆపారు, పోలేదు. రొద పోకపోయినా శిక్ష పడినవాటికి మాత్రం విడుదల లేదు, జాబితాలో ఇంకొకటి చేరేది. అనుమానం పెనుభూతమంటారు. ఈ ఇంట్లో ఆ భూతం కరెంటు మీద బతికేది.

ఆ వేళ వంతు అత్తగారి గదిలో ఫ్యాన్‌కు వచ్చింది. ఆవిడకు ఉక్క పడదు, ఆయాసం వస్తుంది. అయినా మారుమాట లేకుండా స్విచ్ ఆపి, పేపరు మడిచి విసురుకోసాగింది. అది చూసి కోడలికి ఒళ్ళు మండింది. రికార్డింగ్ స్టూడియోలో ఇలాంటి రొదల్ని తరమడమే ఆమె ఉద్యోగం. కాపురానికి వచ్చి నెల కాలేదని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు, అంతే.

"మామయ్యా, ఆ రొద ఎక్కడిదో నేను పట్టిస్తాను. పట్టిస్తే ఫ్యాన్లన్నీ తిరగాలి."

"పట్టించలేకపోతే?"

"రేపట్నుంచి మీ పాట అయ్యేదాకా నేను ఊపిరి కూడా బిగబట్టుకుంటాను."

మామగారు నవ్వారు. "సరే కానియ్. నా చెవులకు దొరకనిది నీకు దొరుకుతుందేమో చూద్దాం."

ఆమె ఇంట్లో ఆపిన స్విచ్‌లన్నీ మళ్ళీ వేయించింది. తన బ్యాటరీ రేడియో తెచ్చి, ఏ స్టేషనూ పలకని చోట ముల్లు నిలిపింది. కరెంటును పాడుచేసే వస్తువు దగ్గరకు వెళ్తే ఇదే చెబుతుందంది. ఫ్రిజ్ పక్కన రేడియో కాస్త గొణిగి ఊరుకుంది. ఫ్యాన్ కింద కూడా అంతే. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని వెంటే నడిచారు. హాల్లో ఆయన స్పీకర్ల దగ్గరకు రాగానే రేడియో గగ్గోలు పెట్టింది.

స్పీకర్ల వెనక గోడకు నీలిరంగు లైట్ల పట్టీ ఉంది. పాటకు మూడ్ రావాలని ఆయనే అంటించుకున్నది, రోజూ పాటకు ముందు ఆయనే వెలిగించేది. దాని చవక అడాప్టర్ ఆంప్లిఫయర్ పక్క ప్లగ్గులోనే ఉంది. కోడలు దాన్ని పీకేసింది. రేడియో నోరు మూసుకుంది, స్పీకర్లలో రొదా పోయింది.

"చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టుంది," అన్నది అత్తగారు గుమ్మం దగ్గర్నుంచి.

మామగారు ఆ అడాప్టర్‌ను తీసుకెళ్ళి సొరుగులో పడేశారు. తర్వాత హాల్లో ఫ్యాన్ పెద్దది చేసి, దాని కిందకు కుర్చీ జరిపారు.

"రా, కూర్చో," అన్నారు భార్యతో.

పాట మొదలైంది. రోజూ కళ్ళు మూసుకుని వినే మనిషి, ఇవాళ భార్య ముఖాన్నే చూస్తూ కూర్చున్నారు. అయిపోయాక, "ఎలా ఉంది?" అని అడిగారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అడగటం అదే మొదలు.

"బాగుందండీ," అన్నది ఆవిడ. "ఇన్నాళ్ళూ ఎప్పుడైపోతుందా అని వినేదాన్ని."