కోటు జేబులో చెయ్యి

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు జడ అల్లేసుకోవడం వసపిట్టకి చిన్నప్పటి నుంచీ అలవాటు. దేశం మారినా అది మారలేదు. మారిందల్లా వినేవాళ్ళు లేకపోవడమే. ఇంటి దగ్గరైతే ఆ కాస్తసేపట్లోనే రాత్రి వచ్చిన కల, ఎదురింటి కుక్క మొండితనం, కాలేజీలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో, అన్నీ అక్క చెవిలో పోసేసేది. ఆ వాగుడు పడలేకే అక్క ఆ పేరు పెట్టింది. సర్టిఫికెట్లలో వేరే పేరు ఉందిగానీ, దాంతో ఎవరైనా పిలిస్తే తనని కాదేమో అన్నట్టు వెనక్కి తిరిగి చూసేది.

అలాంటి పిల్ల ఇక్కడికొచ్చి మూగనోము పట్టింది. ఫిజియోథెరపీలో పై చదువుకి సీటు వచ్చిందని ఎగిరి గంతేసి వచ్చింది. ఈ దేశపు భాష కాగితం మీద బాగానే వచ్చు. నోట్లోంచి బయటపడేటప్పుడే ఎక్కడో తేడా కొట్టేది. ఎదుటివాళ్ళు కళ్ళు చికిలించి "ఏమన్నావు?" అనేవారు. మళ్ళీ చెప్తే తలూపేవారు, ఆ ఊపులో అర్థమైన జాడ మాత్రం ఉండేది కాదు. కొన్నాళ్ళకి కొట్లో రొట్టె కావాలన్నా వేలు చూపించి ఊరుకోవడం మొదలుపెట్టింది. "ఏమే, నీ గొంతు బొంగురుపోయిందేంటి?" అని అక్క ఫోన్లో అడిగితే, "చలికి అక్కా" అని సర్దిచెప్పేది. వాడకపోతే గొంతుకి కూడా తుప్పు పడుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

అద్దెకుంటున్నది ఓ ఇంట్లో మేడమీద గది. ఇంటావిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ పేరు నోరు తిరగక వసపిట్ట అవస్థ పడుతుంటే, "మీ భాషలో నా వయసు ఆడవాళ్ళని ఏమని పిలుస్తారు?" అని ఆవిడే అడిగింది.

"అమ్మకి చెల్లెలైతే పిన్ని అంటామండీ."

"తేలిగ్గా ఉంది. అదే అను."

అలా పరాయి దేశంలో ఓ పిన్ని కుదిరింది.

చలి ముదిరిన రోజు వసపిట్ట పల్చటి స్వెట్టరు వేసుకుని వణుకుతూ మెట్లు దిగుతుంటే పిన్ని ఆపింది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న బూడిద రంగు కోటు తీసి, దులిపి, భుజాల మీద వేసింది. "ఈ గదిలో ఉన్నవాళ్ళందరూ ఇదే వేసుకున్నారు. ఎడమ జేబులో నీ ఇష్టం వచ్చింది పెట్టుకో. కుడి జేబులో చెయ్యి ఉంటుంది. అందులో తాళాలూ అవీ వెయ్యకు, గుచ్చుకుంటాయి."

"ఎవరిది పిన్నీ?"

"ఏమో. నేను ఇల్లు కొన్నప్పుడే ఉంది. మంచి చెయ్యి," అని, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

వసపిట్ట బస్టాపు దాకా వెళ్ళి కుడి చెయ్యి జేబులో పెట్టింది. నిజమే, మంచి చెయ్యి. ఆడదో మగదో తెలియదు. గోళ్ళు కురచగా తీసి ఉన్నాయి, అరచెయ్యి కాస్త గరుగ్గా, వెచ్చగా ఉంది. ఆమె వేళ్ళని మెల్లిగా తనలోకి తీసుకుంది. అంతే. బిగించలేదు, లాగలేదు. ఇల్లు వదిలాక ఎవరైనా తన చెయ్యి పట్టుకోవడం అదే మొదలని అర్థమై, బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఆ చలికాలం చాలావరకు ఆ చెయ్యితోనే తిరిగింది. సెలవు దొరికితే రైలెక్కి కొండల ఊరికో, సముద్రం ఊరికో వెళ్ళేది. ఒక్కతే తిరగడమంటే అంతకుముందు భయపడేది. ఆ చెయ్యి దారి చూపించేది కాదు, ఓసారి తప్పు రైలెక్కినప్పుడు కూడా గమ్మున ఊరుకుంది. కానీ తెలియని స్టేషన్లో దిగి, బోర్డులన్నీ గజిబిజిగా కనిపించినప్పుడు వదలకుండా పట్టుకుంది. పట్టుకునేవాళ్ళుంటే తప్పిపోవడం కూడా ఓ రకం షికారే. టికెట్లు చూసేవాడు వచ్చినప్పుడు కుడిచెయ్యి ఖాళీ లేదని ఎడమచేత్తో తీసి ఇస్తే, వాడు జేబు వైపు చూసి మర్యాదగా తలూపి వెళ్ళేవాడు. కోటు ఉతకడానికి ఇచ్చినప్పుడు లాండ్రీవాడు, "లోపల చెయ్యి ఉన్నట్టుంది. ఇస్త్రీ పెట్టకుండా నీడలో ఆరేస్తాను," అన్నాడు. సముద్రం దగ్గర ఓ గవ్వ ఏరి జేబులో వేస్తే ఆ చెయ్యి దాన్ని చాలాసేపు తడిమి తడిమి చూసింది.

ఇక్కడి వరకూ బాగానే ఉంది. ఆస్పత్రిలోనే చిక్కొచ్చింది.

చదువులో ఒక విడతంతా రోగుల మధ్యే. అక్కడ పైఅధికారిణిని అందరూ పెద్ద మేడమ్ అనేవారు. పొట్టి మనిషి, మెత్తటి గొంతు, ఆ గొంతుతోనే కటువైన మాటలు చెప్పగలదు. ఓ రోజు వసపిట్టని పక్కకి పిలిచింది.

"నీ పని తప్పు పట్టడానికి లేదు. కానీ నువ్వేం చెప్తున్నావో రోగులకి అర్థం కావట్లేదట. భయపడుతూ చెప్తావు, వాళ్ళూ భయపడుతున్నారు. ఈ విడత గట్టెక్కకపోతే నిన్ను పై ఏడాదికి పంపలేను. చూస్తూ చూస్తూ నాచేత ఆ మాట రాయించకు."

"సరే మేడమ్," అంది వసపిట్ట. ఇంకా చాలా చెప్పాలనుంది, అదొక్కటే బయటికొచ్చింది.

ఆమెకి అప్పగించిన రోగుల్లో టోపీలావిడ ఒకరు. ఊళ్ళో భర్తతో కలిసి టోపీలు కుట్టే కొట్టు నడిపేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, వేళ్ళు పిడికిలిగా బిగుసుకుపోయాయి. మామూలు మనిషికైతే అది చెయ్యి పోవడం. ఆవిడకి నోరు పోవడం. ఎందుకంటే ఆవిడకి పుట్టుకతో వినపడదు, భర్తకీ వినపడదు. ఇద్దరూ పెళ్ళైన నాటి నుంచీ చేతులతోనే మాట్లాడుకున్నారు, చేతులతోనే పోట్లాడుకున్నారు. ఇప్పుడు ఆయన రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని రెండు చేతులూ తిప్పుతూ ఊరి కబుర్లన్నీ చెప్తాడు. ఆవిడ ఎడమచేత్తో జవాబివ్వబోతుంది. నత్తివాళ్ళ మాటలా సగంలో ఆగిపోతుంది. విసుగొచ్చి ఆ చెయ్యి దుప్పట్లో దాచేసుకుంటుంది.

ఆస్పత్రి వాళ్ళు ఇంకొంతకాలం చూసి, మార్పు లేకపోతే ఆవిడని వేరే ఊళ్ళో ఉన్న సంరక్షణ కేంద్రానికి పంపుదామనుకుంటున్నారు. ఇంట్లో భర్త ఒక్కడే చూసుకోలేడని వాళ్ళ లెక్క. అక్కడ చేతులతో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టూ మనుషులుండీ మాట లేకుండా బతకడం ఎలా ఉంటుందో ఆ వార్డులో వసపిట్టకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

రోజూ ఆ పిడికిలిని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ విప్పడానికి చూసేది. విప్పినంతసేపే, వదిలితే మళ్ళీ ముడుచుకునేది. ఊరికే కూర్చోవడం ఎందుకని టోపీలావిడ ఎడమచేత్తో ఆమెకి సైగలు నేర్పడం మొదలుపెట్టింది. నీళ్ళు, కిటికీ, నొప్పి, చాలు. వసపిట్ట ఇట్టే పట్టేసింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ వేళ్ళలోంచి బయటపడసాగాయి. ఎదురింటి కుక్క కథ కూడా చెప్పేసింది. "నువ్వు సైగ చేస్తుంటే ఈగలు తోలుతున్నట్టుంది," అని ఆవిడ వెక్కిరించింది. ఎవరైనా తన మాట అర్థం చేసుకుని మరీ వెక్కిరించడం ఎంత హాయిగా ఉంటుందో వసపిట్ట మర్చిపోయింది. పడీ పడీ నవ్వింది.

ఓ రోజు వ్యాయామాల గదిలో హీటరు చెడిపోయింది. టోపీలావిడ పెదాలు నీలంగా అయ్యాయి. వసపిట్ట గబగబా తన కోటు తెచ్చి ఆవిడకి తొడిగింది. బిగుసుకున్న పిడికిలిని జాగ్రత్తగా కుడి జేబులో పెట్టింది.

టోపీలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత ఎడమచేత్తో అడిగింది. "ఎవరు?"

"తెలియదు. మంచి చెయ్యి," అంది వసపిట్ట.

ఆవిడ తలూపి కళ్ళు మూసుకుంది. మర్నాడు వ్యాయామాలకి తీసుకెళ్ళడానికి వస్తే, తనే కోటు వైపు చూపించింది. హీటరు బాగుపడ్డాక కూడా కోటు కావాలంది, ఇక అది ఆవిడ దగ్గరే ఉండిపోయింది. పెద్ద మేడమ్ అటుగా వెళ్తూ ఆగింది.

"ఆ కోటు ఆస్పత్రిది కాదు కదా?"

"కాదు మేడమ్. నేనుండే ఇంట్లోది."

"లోపలి చెయ్యి శుభ్రంగా ఉందా?"

"రోజూ సబ్బుతో కడుగుతాను మేడమ్."

"సరే, కానివ్వు."

కొన్నాళ్ళకి జేబు బట్ట కదలడం మొదలైంది. మొదట ఉండీ ఉండీ చిన్న కదలిక. తర్వాత తర్వాత గుడ్డసంచీలో పిల్లిపిల్లని పెట్టినట్టు ఒకటే అలికిడి. టోపీలావిడ పడక్కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వైపు చూస్తూ ముసిముసిగా నవ్వుకునేది. మధ్యలో కళ్ళనీళ్ళు కూడా పెట్టుకునేది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ చెప్పలేదు. వసపిట్ట అడిగితే, "మా ఇద్దరి మాటలు," అంది. భర్తకి కాస్త కినుక వచ్చింది. "నేను ఇక్కడ కూర్చుంటే నువ్వు ఎవరితోనో కబుర్లాడుతున్నావు," అని మూతి ముడుచుకున్నాడు. అయినా మర్నాడు రానే వచ్చాడు. జేబు కదులుతున్నంతసేపూ కుర్చీ అంచున కూర్చుని, తన వంతు కోసం ఎదురుచూస్తున్నవాడిలా చూశాడు.

నిర్ణయం చెప్పే రోజు వచ్చింది. డాక్టరు, పెద్ద మేడమ్ మంచం దగ్గర నిలబడ్డారు. బయటినుంచి పిలిపించిన సైగలు తెలిసిన మనిషి ఆ రోజు రాలేదు. "వచ్చినంతలో నువ్వు చెప్పు," అని పెద్ద మేడమ్ వసపిట్టనే ముందుకు పిలిచింది. ఆ మాట తన చేతులతో చెప్పాల్సి వచ్చినందుకు ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. వేరే ఊరు, అనగలిగింది. అక్కడ మంచి నర్సులున్నారు, అంది. తర్వాత చేతులు ఆగిపోయాయి.

భర్త అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

టోపీలావిడ జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. అది పిడికిలి కాదు. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. రెండు చేతులూ ఎత్తి, డాక్టరు వంక కూడా చూడకుండా, నెమ్మదిగా, పొల్లుపోకుండా భర్తతో అంది.

"ఇంటికి వెళ్దాం. నువ్వు ఒక్కడివే ఉండి కొట్టుని ఏం చేశావో చూడాలి."

ఆయన చేతులు గాల్లోకి లేచాయి, మళ్ళీ ఒళ్ళో పడ్డాయి. చివరికి భార్య రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. అలా పట్టుకుంటే ఆవిడ మాట్లాడ్డానికి లేదు కాబట్టి, మోచేత్తో ఆయన్ని ఓ పోటు పొడిచింది.

"ఏమంది?" అని డాక్టరు వసపిట్టని అడిగాడు.

వసపిట్ట చెప్పింది, గట్టిగా, పూర్తిగా, ఎక్కడా తడుముకోకుండా. ఎవరూ కళ్ళు చికిలించలేదు. డాక్టరు ఆవిడ వేళ్ళని వంచి, చాచి చూశాడు. కాగితాలు మూసేసి, ఇంటికి పంపే ఏర్పాట్లు చూడమని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్ద మేడమ్ కదల్లేదు. "పక్క వార్డులో వినపడని వాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళ బాధ చెప్పుకోవడానికి ఇక్కడ మనిషి లేడు. పై ఏడాది నుంచి వాళ్ళని నువ్వు చూడాలి," అంది. పై ఏడాది అన్న మాట వసపిట్టకి కాస్త ఆలస్యంగా చెవికెక్కింది. వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, కింద ఏమైనా పడిందా అని పెద్ద మేడమ్ కూడా వంగి వెతికింది.

ఇంటికి వెళ్ళేరోజు టోపీలావిడ కోటు విప్పి, మడత పెట్టి, రెండు చేతులతో తెచ్చి వసపిట్టకి ఇచ్చింది. ఇచ్చే ముందు జేబులో చెయ్యి పెట్టి చివరి మాటేదో చెప్పుకుంది. కృతజ్ఞత చెప్పే సైగ ఇద్దరూ ఒకేసారి చేశారు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చాలారోజుల తర్వాత కుడిచెయ్యి జేబులో పెట్టింది. ఆ చెయ్యి ఎప్పటిలాగే పట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, వేళ్ళు విడదీసి, ఆమె అరచేతిలో తడబడుతూ ఓ సైగ చేసింది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ సైగ, ఈగలు తోలుతున్నట్టే ఉంది.

"ఇవాళ ఎలా గడిచింది?"

వసపిట్ట గొంతు సవరించుకుంది, తర్వాత గొంతుతో పనిలేదని గుర్తొచ్చి వేళ్ళు కదిపింది. పొద్దున పాలు పొంగిపోవడం దగ్గర మొదలుపెట్టింది. తను దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె చూసుకోనేలేదు. ఇంకా ఆస్పత్రి దాకా కూడా రాలేదు.