తెలిసిన వేళ

అయిలా కోర్పెలా రాసిన ఇంటర్‌ఫేస్ మీద జరిగిన గొడవంతా పేరు గురించే.

కెనడాలో థండర్ బే రేవుకెదురుగా, ఒకప్పటి ధాన్యం ఆఫీసు పై అంతస్తులో ఉంది ఆ చిన్న కంపెనీ. చుట్టుపక్కల ఊళ్ళలో జనం మంచు మీద జారుతూ ఆడుకునే ఐస్ రింకుల్లో మంచు గడ్డకట్టించే యంత్రాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని కాపలా కాసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ వ్యాపారం. యంత్రం స్థితి మారిన ప్రతిసారీ, అంటే బాగున్నది కాస్తా హెచ్చరికకు, హెచ్చరిక కాస్తా లీకుకు వచ్చిన ప్రతిసారీ, ఆ మార్పు కాలక్రమంలో రికార్డుకెక్కాలి. ఎక్కించడానికి మిగతా ప్రోగ్రామర్లందరూ పిలవాల్సింది ఒక్కటే ఫంక్షన్, అంటే ఆ పని చేసిపెట్టే కోడు ముక్క. దాని ఇంటర్‌ఫేస్, అంటే దాన్ని పిలిచే తీరు, రూపొందించే పని అయిలాది. ఆ ఫంక్షన్‌కి "నమోదు" అని పేరు పెట్టాలా, "మార్పు" అని పెట్టాలా అని వారాల తరబడి కొట్టుకున్నారు. గులాబీ రంగు పూత పూసిన పర్షియన్ బన్నుల పెట్టెలు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కలేదు.

ఈ వృత్తిలో వాళ్ళు ఇంతే. వంతెన ఎంత బరువు మోస్తుందో ఒక్కడూ అడగడు. దానికి ఏ రంగు వేద్దామంటే మాత్రం ప్రాణాలిచ్చేస్తారు.

మొదటి ముసాయిదాలో ఆ ఫంక్షన్ మూడు సంగతులు అడిగేది. ఏం మారింది, ఎప్పుడు మారింది, మారినట్టు మనకు ఎప్పుడు తెలిసింది. కంపెనీ యజమాని డెస్మండ్ ప్రైస్ దాన్ని చూసి కళ్ళజోడు నెత్తి మీదికి తోశాడు.

"మూడోది దేనికి అయిలా? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు?"

"రింకు ఫోన్ లైను పడిపోతే వార్త మనకు ఆలస్యంగా వస్తుంది కదా. మన నుంచి వెళ్ళే వాళ్ళ తెర మీదికీ అంతే."

"వస్తే రానీ. ఎప్పుడొచ్చినా అసలు జరిగిన టైము మోసుకునే వస్తుంది, వెనక్కెళ్ళి తన చోట తను కూర్చుంటుంది. ఆ కోడు రాసింది నువ్వేనమ్మా తల్లీ! జరిగింది ఎప్పుడో తెలిస్తే చాలదా? మనకి తెలిసిన ముహూర్తం కూడా రాయాలా?"

అందరూ నవ్వారు. అయిలా కూడా నవ్వింది. నిజానికి ఆ మూడోది ఆమెకూ కంట్లో నలుసుగానే ఉండేది. దాన్ని తీసేశాక మిగిలిన రెండూ ఎంత ముద్దొచ్చాయంటే, ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు మళ్ళీ ఒకసారి తెర తెరిచి చూసుకుంది. ఇంతకంటే చిన్నగా, ఇంతకంటే శుభ్రంగా ఇంకెవరూ రాయలేరనుకుంది. అనుకోవడంలో తప్పు లేదు. ఆ మురిపెం మాత్రం ఖరీదైనది.

జనవరిలో డన్‌మోర్ బే రింకులో, మంచు యంత్రాల్లో వాడే విషవాయువు అమ్మోనియా లీకైంది.

సరస్సు వెంట తూర్పుగా పోతే వచ్చే చిన్న ఊరు అది. రింకు చూసుకునే నార్వల్ హాడో, మధ్యాహ్నం పూట యంత్రాల గది నుంచి చప్పుడు తేడాగా వస్తోందని తన కింద పనిచేసే గాస్టన్‌ను చూసి రమ్మని లోపలికి పంపాడు. గాస్టన్ పరాయివాడు కాదు, నార్వల్ భార్య ఒడెట్‌కి తోడబుట్టినవాడు. ప్రాణం దక్కింది గానీ ఊపిరితిత్తులు కాలిపోయాయి. నాలుగు మెట్లెక్కితే నిలబడి రొప్పుతాడు.

రెండు వారాలకు విచారణకు వచ్చినవాళ్ళు రికార్డు అడిగారు. అయిలా అదే రోజు తీసి పంపింది. ప్రతి మార్పూ తన చోట తను, క్రమం తప్పకుండా ఉంది. రెండు గంటలకు హెచ్చరిక. గాస్టన్ లోపలికి వెళ్ళింది ఆ తర్వాత. రికార్డు అంత నిక్కచ్చిగా ఉన్నందుకు ఆమె కొంచెం గర్వపడింది కూడా.

మర్నాడు నార్వల్ నుంచి ఫోన్ వచ్చింది. అయిలాకు ఆయన కొత్త కాదు. ఆ రింకులో ఆ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి తనే వెళ్ళింది, రెండు రోజులు వాళ్ళింట్లోనే తింది.

"అమ్మాయ్, హెచ్చరిక వచ్చాకే నేను వాణ్ణి లోపలికి పంపానంటున్నారు వీళ్ళు. నేను తెర చూశాను. పంపే ముందు చూశాను. అంతా పచ్చగా ఉంది. బాగుంది అనే ఉంది. నా బావమరిదిని నేను చేజేతులా చంపుకుంటానా?"

"మీరు కంగారు పడకండి నార్వల్. నేను చూస్తాను."

ఫోన్ పెట్టేసేసరికి ఆమెకు తాను తీసేసిన మూడో సంగతి గుర్తొచ్చింది. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళకు భయం కూడా తొందరగానే తెలుస్తుంది.

మూలన ఉన్న పరీక్ష యంత్రం ముందు కూర్చుంది. లైను పీకేసింది. హెచ్చరిక పుట్టించింది. తెర మీద పచ్చగా "బాగుంది" అనే ఉంది. కాఫీ తాగి వచ్చి లైను మళ్ళీ తగిలించింది. దాచుకున్న మార్పు వచ్చి, వెనక్కెళ్ళి, సరిగ్గా తాను పుట్టిన క్షణంలో కూర్చుంది. ఇప్పుడు రికార్డు తీసి చూస్తే, హెచ్చరిక మొదటి నుంచీ అందరి కళ్ళముందూ ఉన్నట్టే కనబడింది. ఆ మధ్యలో తెర పచ్చగా ఉన్న సంగతి ఎక్కడా లేదు. ఆ సంగతికి ఆమె చోటే ఉంచలేదు.

రికార్డులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమె గుండెను పిండింది.

డెస్మండ్‌ను పిలిచి, పరీక్ష మళ్ళీ చేసి చూపించింది.

"ఆ రోజు డన్‌మోర్ బేలో లైను పడిందా?"

"పడిందో లేదో చెప్పడానికే ఆ మూడోది. అది ఉంటే ఒక్క చూపులో తెలిసేది. లేదు కాబట్టి నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను, దేవుడొచ్చినా చెప్పలేడు."

"ఫోన్ కంపెనీని అడిగితే?"

"అడిగాను. అలాంటివి వారం దాటితే ఉంచరట."

డెస్మండ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తీసెయ్యమన్నది నేను."

"తీసింది నేను," అంది అయిలా.

తప్పు పంచుకున్నంత మాత్రాన బరువు సగమవదు. పైగా లాయరు నుంచి కబురొచ్చింది. విచారణ ముగిసేదాకా కంపెనీవాళ్ళెవరూ నార్వల్‌తో మాట్లాడకూడదు, ఫోన్ కూడా ఎత్తకూడదు. పరీక్షలో తేలింది మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి, చేర్చాల్సిన చోట చేరుస్తాం అన్నారు. అయిలా రాసి ఇచ్చింది. రాసిచ్చాను కదా అని మనసుకు చెప్పుకుంది. నార్వల్ ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన చేయడం మానేశాడు.

ఆ మధ్యలో ఆమె కొత్త ఇంటర్‌ఫేస్ రాసింది. మూడో సంగతి ఇవ్వకపోతే ఆ ఫంక్షన్ అసలు నడవదు. ఈసారి సమీక్షలో పేరు గురించి ఒక్కరూ నోరెత్తలేదు. పెట్టెలో బన్నులు అలాగే ఎండిపోయాయి.

మార్చి వచ్చేసరికి ఆమెకు ఇక ఆగబుద్ధి కాలేదు. తన కాగితం చేరాల్సిన చోటికి చేరిందో, ఏ సొరుగులో నిద్రపోతోందో ఎవరూ చెప్పడం లేదు. ఒకరోజు పొద్దున్నే కోటు వేసుకుంటుంటే డెస్మండ్ ఎదురొచ్చాడు.

"ఎక్కడికి?"

"డన్‌మోర్ బే."

"లాయరు వద్దన్నాడు కదా."

"అన్నాడు."

డెస్మండ్ కిటికీ వైపు తిరిగాడు. "రోడ్డు మీద మంచు అద్దంలా ఉందట. నిదానంగా నడుపు. నువ్వు వెళ్ళడం నేను చూడలేదు."

తలుపు తీసింది ఒడెట్. మనిషి సగమైపోయింది. అయినా అయిలా విప్పిన కోటు అందుకుంది, బూట్లు విప్పుకోమని పీట చూపించింది.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందా తల్లీ?" అంది. అది ఎత్తిపొడుపే. అయిలా తలొంచుకుని భరించింది.

నార్వల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేకపోవడం ఆమెకు బాగనిపించలేదు.

"నార్వల్, ముందు నేను చెప్పేది వినండి. మీరు పంపే ముందు తెర పచ్చగా ఉందన్నారు కదా. ఉండి ఉండొచ్చు. నేను పరీక్ష చేసి చూశాను. లైను పడిపోతే హెచ్చరిక మీ తెర మీదికి ఆలస్యంగా వస్తుంది, రికార్డులో మాత్రం ముందే వచ్చినట్టు ఎక్కుతుంది. ఏది ఎప్పుడు మీకు తెలిసిందో రాయడానికి నేను చోటు పెట్టలేదు. తప్పు నాది. మీది కాదు."

ఇంత దూరం కారులో కూడబలుక్కున్న మాటలవి.

నార్వల్ తల అడ్డంగా ఊపాడు, పిల్లల్ని సముదాయించినట్టు. "మంచిదానివి. నా కోసం ఇంత దూరం వచ్చావు. కానీ వద్దులే."

"వద్దేంటండీ?"

"నేను చూశాను అమ్మాయ్. హెచ్చరికని. మొదట్లో గుర్తుకు రాలేదు, అంతే. ఆ కంగారులో మరిచిపోయి ఉంటాను."

"మీరే కదా ఫోన్‌లో పచ్చగా ఉందని..."

"అప్పుడు నన్ను నేను కాపాడుకుందామని అలా అన్నానేమో. మనిషి బుద్ధి అలాంటిది. ఆ కాగితం నా ముందు పెట్టి నాలుగుసార్లు చదివించారు. రెండింటికి హెచ్చరిక. మెషీన్‌కి నా మీద ఏం పగ? రాత్రుళ్ళు పడుకుని ఆలోచిస్తే ఒక్కో ముక్కా తేలింది."

పొయ్యి దగ్గర నిలబడ్డ ఒడెట్ ఇటు తిరగకుండానే అంది, "రోజుకో ముక్క గుర్తొస్తోంది ఈయనకి. మొన్న గాస్టన్ వచ్చి, బావా తెర పచ్చగా ఉండటం చూసే నన్ను పంపావు, నేను నీ పక్కనే ఉన్నాను అని చెప్పాడు. వాడి మాటా వినడు. ఊపిరాడక ఆయాసపడుతూ వాడు చెప్తుంటే, నన్ను కాపాడాలని అబద్ధాలాడకురా అని వాడి మీదే కేకలేశాడు."

"వాడు నా మీద ప్రేమకొద్దీ అంటున్నాడు," అన్నాడు నార్వల్. "సోమవారం విచారణవాళ్ళ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టేస్తాను. చూసి కూడా పంపానని. ఊరంతా అదే అంటోంది, నేనొక్కణ్ణే కాదంటే ఏం బాగుంటుంది?"

అయిలాకు ఏడుపొచ్చింది. ఆయన కేకలేసి, తిట్టి, తలుపు మొహం మీద వేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కుర్చీ ముందుకు జరిపి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏం చూశారో చెప్పండి నాకు. ఎలా ఉంది?"

"ఎర్రగా," అన్నాడు వెంటనే. "తెర మూలన ఎర్ర దీపం. వెలుగుతూ ఆరుతూ ఉంది. నా టీ కప్పు మీద కూడా పడింది ఆ ఎరుపు. చూశాను, చూసి కూడా, ఏముందిలే అని వాణ్ణి పొమ్మన్నాను."

ఆ తెర గీసింది తనే. అందులో ఎక్కడా ఎర్ర దీపం లేదు. వెలిగి ఆరేది ఏదీ లేదు. ఇన్నాళ్ళకు ఒక్క ఆధారం దొరికింది, అదీ ఆయన నోటి నుంచే.

"నార్వల్! నా మాట వినండి. మీ తెర మీద ఎరుపు లేదు. అసలు లేదు. హెచ్చరికొస్తే పసుపు పట్టీ మీద అక్షరాలు వస్తాయి, అంతే. కదలదు, ఆరదు. మీరు చూడనిది మీకు గుర్తొస్తోంది. అర్థమవుతోందా? మీరు చూడలేదు!"

ఒడెట్ చేతిలో గరిటె ఆగిపోయింది. వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి చూసింది.

నార్వల్ కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. ఎక్కడికో వెళ్ళి వెతుకుతున్నట్టు పెదవులు కదిలాయి. ఇద్దరు ఆడవాళ్ళూ కదలకుండా ఎదురుచూశారు.

"పసుపా?" అన్నాడు కళ్ళు తెరిచి. తర్వాత మెల్లగా తల ఊపాడు. "అవును. పసుపే. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది."