సింపుల్ మనిషి

మా అక్క నన్ను సింపుల్ అంటే పొంగిపోయేదాన్ని. మనలో అంతకంటే గొప్ప కితాబు ఏముంది? ఎంత చదివినా, ఎంత సంపాదించినా మనిషి సింపుల్‌గా ఉండాలంటాం కదా. కర్టెన్లు కుట్టే ఈ వర్క్‌షాపులో నన్ను చేర్పించిన రోజున మేనేజరుకి అక్క అదే చెప్పింది. ‘మై సిస్టర్, వెరీ సింపుల్’ అంది. దానికి ఇంగ్లీషు వచ్చు, నాకు రాదు. ఆయన మాట అక్కే నాకు చెప్పాలి, నా మాట అక్కే ఆయనకి చెప్పాలి.

మిగతావాళ్ళని కసురుకునే మనిషి నా దగ్గరికొచ్చేసరికి ఎంత మెత్తబడేవాడో! వంగి, గొంతు పెంచి, ఒక్కో మాటా ఆగి ఆగి పలికేవాడు. గుండుసూదుల డబ్బా నాకు అందకుండా పక్కకి జరిపేవాడు. అంచు తిన్నగా కుడితే చప్పట్లు కొట్టేవాడు. నేను మురిసిపోయి ఇకిలించేదాన్ని. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నా కన్నంతా కటింగ్ బల్ల మీదే. గుడ్డ పరిచి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో కోసే పని. ఈ దేశం రాకముందు మన ఊళ్ళో నేను చేసిందీ అదే. గుడ్డ ఎటు సాగుతుందో ముట్టుకుంటే చెప్పేస్తాను. ఆ బల్ల దగ్గరి పెద్దాయన మానేస్తున్నాడని తెలిసి, నా సంగతి మేనేజరుకి చెప్పమని అక్కని బతిమాలాను. ‘చెప్పాను, చూద్దామన్నాడు’ అంది అక్క. ఈలోగా నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుందామని లైబ్రరీలో సాయంత్రం క్లాసులో చేరాను.

ఒకరోజు బోర్డు మీద మన మాటే కనబడింది. సింపుల్ క్వశ్చన్ అంటే తేలికైన ప్రశ్న, సింపుల్ డ్రెస్ అంటే ఆర్భాటం లేని బట్ట అని టీచరు చెబుతోంది. నేను చెయ్యెత్తి, ‘మై సిస్టర్ సే, ఐ యామ్ సింపుల్’ అన్నాను గొప్పగా. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరు నవ్వలేదు. మనిషిని ఉత్తినే సింపుల్ అంటే వేరే అర్థం వస్తుందంది. నాకు తలకెక్కలేదని, వేలితో కణత తట్టి చూపించింది. బుర్ర ఎదగనివాళ్ళని అలా అంటారట.

తల కొట్టేసినట్టయింది. ఆ వంగడం, ఆ చప్పట్లు, ఆ సూదుల డబ్బా, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అయినా అక్కని అనుమానించలేదు. పాపం, మన సింపులే అనుకుని ఉంటుంది, తెలిస్తే గుండెలు బాదుకుంటుంది అనుకుంటూ ఇంటికి నడిచాను.

అక్క గిన్నెలు తోముతోంది. చెప్పాను. గుండెలు బాదుకోలేదు. చెయ్యి ఆగింది, అంతే.

"మొదట మంచి మాటనుకునే అన్నాను. నిన్ను జాగ్రత్తగా చూసుకోమని ఆయన చెప్పినప్పుడు తెలిసింది."

"మరి తెలిశాక దిద్దలేదేం?"

కొళాయి కట్టేసింది. కటింగ్ బల్ల గురించి అసలు అడిగావా అని నిలదీశాను. అడిగిందట. ఆమెకి కత్తెర ఇస్తే ప్రమాదమేమో, నీ చెల్లెలు కదా, నువ్వే చెప్పు అన్నాడట ఆయన. వద్దు సార్ అందట.

"ఇన్నేళ్ళు మెషీను తొక్కాను. నిన్నగాక మొన్నొచ్చావు. నువ్వు కోసిచ్చింది నేను కుట్టాలా?"

పరాయివాళ్ళయితే తిట్టిపోసేదాన్ని. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

మర్నాడు మేనేజరు మెషీన్ల మధ్యకి రాగానే ఎదురెళ్ళాను. దారంతా వల్లించుకున్న మాటలు అప్పజెప్పాను. "ఐ యామ్ నాట్ సింపుల్. ఐ కెన్ కట్."

ఆయన ముఖం వెలిగిపోయింది. పసిపిల్లతో అన్నట్టు ‘వెరీ గుడ్’ అని సాగదీశాడు. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, మామూలు గొంతుతో, నువ్వే నేర్పావా అని అడిగాడు. అక్క నోరు విప్పితే చాలు, ఆ బల్ల నాది. సిగ్గు విడిచి కళ్ళతోనే అక్కని వేడుకున్నాను.

అక్క నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"యెస్ సార్. టీచింగ్ హర్, వెరీ డిఫికల్ట్, సార్."

అక్క ఇంగ్లీషు ఎవరూ విడమరిచి చెప్పకుండా నాకు అర్థమవడం అదే మొదటిసారి.