ఎవరింటి తాంబూలం

ఆ రోజుల్లో నూజివీడులో వేసవి పెళ్లి చేయాలంటే ముందు వెతకాల్సింది వరుణ్ణి కాదు, వంటవాణ్ణి. వైశాఖ ముహూర్తాలూ మామిడి కోతలూ ఒక్కసారే వచ్చి పడేవి. పందిరి వేసే మనుషులంతా తోటల్లో చెట్లెక్కి ఉండేవారు. లారీలన్నీ కాయ మోసుకుంటూ తిరిగేవి. అరిటాకులు కోసుకొచ్చే దిక్కు కూడా ఉండేది కాదు. ఏమరుపాటుగా ఉన్న పెళ్లివారు గాడిపొయ్యి తామే తవ్వుకుని, గరిటె తామే పట్టుకున్న వైనాలు బజారులో కథలుగా చెప్పుకునేవారు.

మామిడి వ్యాపారి లక్ష్మీనరసింహారావు ఏమరుపాటు మనిషి కాడు. తోటను పూత మీదే కొనడం ఆయనకు అలవాటు. మాఘమాసంలో చెట్టు కింద నిలబడి, కొమ్మల వంక ఓసారి చూసి బయానా ఇచ్చేసేవాడు. ఆ తర్వాత మంచు పట్టినా, గాలివాన కొట్టినా మాట మాటే. కూతురు కృష్ణవేణి పెళ్లి కూడా ఆయన పూత మీదే బేరం చేశాడు. సంబంధం ఇంకా మాటల్లో ఉండగానే వంటల సత్యనారాయణమూర్తికీ, పందిరివాళ్లకీ, మైకుసెట్టువాడికీ తాంబూలాలు అందాయి. వరుడు కుదరకపోతే ఏం చేస్తారని భార్య లలిత అడిగితే, "వరులకేం, ఎప్పుడైనా దొరుకుతారు. మే నెలలో పందిరివాడు దొరుకుతాడా?" అన్నాడు.

అదృష్టం బాగుండి వరుడూ కుదిరాడు, బెజవాడ నుంచి బ్యాండు మేళమూ కుదిరింది. ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, ఇంతింత లావు ఇత్తడి బాకాలు. తమ వీధిలో ఇంతవరకూ ఎవరూ పెట్టించలేదన్న గర్వంతో రావుగారి కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ గర్వంలోనే ఒకటి మరిచిపోయాడు. కృష్ణవేణి నగలు అడగలేదు, చీరలు అడగలేదు. "నాన్నా, చిన్నరాయప్ప తాత సన్నాయి పెట్టించు" అని మాత్రం అడిగింది. చిన్నరాయప్పది ఆగిరిపల్లి. బజారువీధిలో ఎవరింట పెళ్లయినా ఆయన సన్నాయే. చిన్నప్పుడు కృష్ణవేణి ఏ పెళ్లికి వెళ్లినా మేళం దగ్గరే చతికిలబడేది, భోజనానికి పిలిచినా లేచేది కాదు. "సరేలేవే" అని, తండ్రి బాకాల వెంట పడ్డాడు.

పెళ్లి దగ్గరపడ్డాక గుమస్తా వెంకటేశ్వర్లును ఆగిరిపల్లి పంపితే, అతను మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ముసలాయన ఇంట్లో లేడండీ. కోడలు అచ్చమ్మ చెప్పింది. ఆ రోజుకి ఎప్పుడో తాంబూలం పుచ్చుకున్నాడంట. ఎవరిదో ఆవిడకీ తెలీదంట."

కృష్ణవేణి ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది. ఆ పూట నుంచి అన్నం కెలికి లేచిపోవడం మొదలుపెట్టింది. కొత్త చీరల మడత కూడా విప్పి చూడలేదు. లలిత మాత్రం ఊరుకోలేదు.

"పూత మీద బేరాలాడే మొనగాడు! పిల్ల నోరు తెరిచి అడిగిన ఒక్కదానికి మాత్రం కాయ రాలేదాకా కూర్చున్నాడు" అని వీధిలోకి వినిపించేలా దెప్పింది.

రావుగారికి రోషం వచ్చింది. తాంబూలం ఇచ్చిన ఇల్లేదో తెలిస్తే, వాళ్ల కాళ్లయినా పట్టుకుని మేళాలు మార్చుకోవచ్చు. ఎర్రకోట్లు ఊరికే ఇస్తామంటే వద్దనేదెవరు? స్కూటరు తీసి ముసునూరు వెళ్లాడు. అక్కడ అదే ముహూర్తానికి కొడుకు పెళ్లి చేస్తున్న ప్రభాకరరావు తల అడ్డంగా ఊపాడు. "మేమూ అడిగామండీ. ఖాళీ లేదన్నాడు." మైలవరంలో పెళ్లివారూ అదే మాట చెప్పారు.

తర్వాతి రోజుల్లో ఆ ఎండనే రావుగారు ఎంతో ప్రేమగా తలుచుకునేవాడు. దారి పొడుగునా రసాల వాసన, గంపల చుట్టూ చేరిన ఆడవాళ్ల నవ్వులు, తోట దగ్గర ఆగితే అడక్కుండానే చేతికొచ్చే పండు. ఆవేళ మాత్రం ఒక్కటీ కంటికి ఆనలేదు. లారీల వెనక దుమ్ము మింగుతూ, ఇక వేరే దారి లేక ఆగిరిపల్లి చేరాడు.

చిన్నరాయప్ప అరుగు మీద కూర్చుని సన్నాయిని మెత్తటి గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఆ రోజుకి ఎవరిదో తాంబూలం పుచ్చుకున్నావట. ఎవరిదో చెప్పు చిన్నరాయప్పా, వెళ్లి బతిమాలుకుంటాను" అన్నాడు రావుగారు.

ముసలాయన ఎగాదిగా చూశాడు. "ఏంటి బాబుగారూ, మీకు తెలీదా? మీ అమ్మాయిగారే కదండీ ఇచ్చింది!"

"మా అమ్మాయా? ఎప్పుడు?"

"మీ తమ్ముడుగారి పెళ్లిలోనండీ. ఇంతుండేది. పరికిణీ ఎత్తిపట్టుకుని, తోరణంలోంచి మామిడాకు లాక్కొచ్చి, అందులో వక్క పెట్టి, నా పెళ్లికి నువ్వే రావాలి తాతా అని నా చేతిలో పెట్టింది. కళ్లకద్దుకుని పుచ్చుకున్నాను. మీ ముహూర్తం సంగతి తెలిసిన కాడ్నించీ ఆ రోజుకి ఎవరడిగినా లేదనే చెబుతున్నాను."

"మరి నాకో మాట చెప్పొద్దా? నేనసలు పిలవకపోతేనో?"

"తాంబూలం పుచ్చుకున్నాక పిలుపెందుకండీ? పొద్దున్నే మీ గుమ్మంలో ఉండేవాణ్ణి." చిన్నరాయప్ప నవ్వాడు. "మీరు పూత మీద బేరమాడతారు. అమ్మాయిగారు మొక్క మీదే ఆడేసింది."

తోరణం పాడుచేసినందుకు ఆ రోజు పిల్లను గదమాయించింది తనేనని రావుగారికి అప్పుడు గుర్తొచ్చింది. కళ్లు చెమర్చాయి. ఆ తడి కనబడకుండా సంచీలోకి వంగి తమలపాకులు, వక్కలు పైకి తీశాడు. చిన్నరాయప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఒక పెళ్లికి రెండు తాంబూలాలేంటండీ? తప్పు కదూ!"

ఇంటికొచ్చి చెబితే కృష్ణవేణి కాసేపు నమ్మలేదు. "తాతకి గుర్తుందా నాన్నా? నన్ను మరిచిపోయి ఇంకెవరికో ఒప్పుకున్నాడనుకున్నాను. మామిడాకు తాంబూలమేంటని నవ్వుతావని నీతో చెప్పలేదు" అని, నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట మారు వడ్డించుకుని తిన్నది.

పెళ్లినాడు ఎర్రకోట్లవాళ్లు ఎదురుకోలు దాకా ఊదరగొట్టారు. అప్పగింతల వేళ చిన్నరాయప్ప సన్నాయి ఎత్తాడు. బెజవాడ బాకాలు ఒళ్లో పడుకున్నాయి, పందిట్లో పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు.

కూతురెక్కిన కారు మలుపు తిరిగాక, వెలవెలబోయిన పందిట్లోకి రావుగారు ఒక్కడే తిరిగొచ్చాడు. తోరణంలోంచి ఒక ఆకు లాగి, అందులో వక్క పెట్టి, సన్నాయిని గుడ్డలో చుట్టుకుంటున్న చిన్నరాయప్ప ముందు చాపాడు.

"ఇదెవరి పెళ్లికి బాబుగారూ?"

"మనవరాలి పెళ్లికి. ఈసారి టెంక మీదే బేరం."

"అప్పటిదాకా నేనుండొద్దూ?"

"మాట మాటే" అన్నాడు రావుగారు.

చిన్నరాయప్ప ఆ ఆకును కళ్లకద్దుకుని పుచ్చుకున్నాడు.