కారణాల కాటా

హాలండులో ఏ పనీ ఎవడూ ఒక్కడే నిర్ణయించకూడదు. కాలువ గట్టు మీద బెంచీకి రంగు వెయ్యాలన్నా ఊరంతా కూర్చుని, తలా ఒక కప్పు కాఫీ తాగి, తలా ఒక బిస్కెట్టు తిని, బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టేశాక మాట్లాడాలి. రెండో బిస్కెట్టు అడిగినవాడి మాటకి మా ఊళ్లో విలువుండదు. నేను అడుగుతాను. అందుకే సభల్లో నన్నెవరూ ఏమీ అడగరు.

నా పేరు సీబ్రాండ్. చీజుల కాటా నా చేతిలో ఉంది. శుక్రవారం సంతకి రైతులు తెచ్చిన చీజు గుండ్లని గడ్డి టోపీల మోతగాళ్లు పరుగు మీద మోసుకొస్తే, మనిషెత్తు తక్కెడలో నేను తూస్తాను. ఒక గుండు కోసి వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుని, బాగుందో లేదో చెబుతాను. కోసిన చీజుని అలా వదిలేస్తే మా ఊళ్లో ఎవరూ ఊరుకోరు, అక్కడికక్కడే పంచుకుని తినెయ్యాలి. ఆ రోజు కొంప ముంచింది ఈ ఆచారమే.

గొడవంతా యిక్కె గురించి. ఊరి బయట కాలువ మీద ఎత్తుడు వంతెన ఉంది. పడవ వచ్చి బూర ఊదితే యిక్కె గొలుసు లాగి వంతెన ఎత్తుతుంది. వంతెన పక్కనున్న గదిలోనే ఆవిడ కాపురం. ఒంటరి మనిషి, అరవై దాటాయి, నోరు పెద్దది. కౌన్సిల్లో లుబ్బర్ట్ అనే పెద్దమనిషికి వంతెనకి మోటారు పెట్టించాలని బుద్ధి పుట్టింది. మోటారు వస్తే యిక్కెతో పని లేదు, ఆ గదీ కూల్చేస్తారు. ఆవిడకి పక్క ఊళ్లో లిఫ్టున్న బిల్డింగులో ఇల్లిస్తామన్నారు.

"పడవల్ని చూసిన కళ్లతో లిఫ్టుని చూస్తూ కూర్చోమంటారా?" అంది యిక్కె.

సభ మీద సభ పెట్టారు. కాఫీ ఏరులై పారింది గానీ విషయం తేలలేదు. చివరికి యూనివర్సిటీ నుంచి హెండ్రిన అనే ప్రొఫెసర్ని పిలిపించారు. ఒక మాటకి అటు ఉన్న కారణాలేవి, ఇటు ఉన్న కారణాలేవి, ఏ వైపు మొగ్గాలి అన్నదే ఆవిడ చదువంతా.

"మీరు కారణాల్ని లెక్కపెడుతున్నారు. చిన్న కారణాలు పది కలిసినా ఒక పెద్ద కారణానికి సరిపోకపోవచ్చు," అంది ప్రొఫెసర్. "మీ ఊళ్లో ఇంత కాటా పెట్టుకుని నోటితో ఎందుకు కొట్టుకుంటారు? ఒక్కో కారణానికి ఒక్కో చీజు పెట్టండి. ఎంత గట్టి కారణమైతే అంత పెద్ద గుండు. ఎడమ పళ్లెం మోటారుకి, కుడి పళ్లెం యిక్కె గారికి."

ఊరు ఊరంతా సంబరపడింది. మర్నాడే కాటా దగ్గర చేరాం.

లుబ్బర్ట్ అందరికంటే పెద్ద గుండు తెచ్చాడు. బాగా మగ్గిన పాత చీజు. ఎడమ పళ్లెంలో దించి గొంతు సవరించుకున్నాడు. "భద్రత. మనిషి చేత్తో ఎత్తే వంతెన ప్రమాదకరం."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా ఎప్పుడైనా?" అని అడిగింది బ్రెడ్డు కొట్టు ఆఫ్కె.

"ఇంతవరకూ లేదనుకో."

"అనుకోవడమేంటి, లేదు."

ప్రొఫెసర్ మొహం వెలిగిపోయింది. "చూశారా, ఈ అభ్యంతరాన్ని కుడి పళ్లెంలో వెయ్యక్కర్లేదు. ఇది ఆ కారణం కాళ్లే నరికేసింది. గుండు దించి కోసెయ్యండి."

దించాను, కోశాను. కోసిన చీజు కదా, తినకపోతే ఎలా. ఎవరి జేబులోంచో ఆవాల ముద్ద సీసా బయటికొచ్చింది. లుబ్బర్ట్ కూడా తన కారణంలో ఒక ముక్క తీసుకుని, "బాగా మగ్గింది," అన్నాడు. అక్కడితో సభ దారి తప్పింది.

ఎవరు ఏ కారణం చెప్పినా జనం దాని బరువు చూడటం మానేసి వాసన చూడటం మొదలుపెట్టారు. యిక్కె ప్రతి పడవవాణ్ణీ పేరు పెట్టి పలకరిస్తుందని ఆఫ్కె ఒక మేకపాల చీజు పెట్టింది.

"పలకరించడమా? పేరు పెట్టి తిడుతుంది," అన్నాడు పోస్టుమాన్.

"అవును, మొన్న నన్నూ తిట్టింది," అని ఆఫ్కె తన కారణాన్ని తనే కొట్టేసి ప్లేటు చాపింది.

మోటారు చప్పుడుకి బాతులు బెదురుతాయని ఎవరో ప్లాస్టిక్ చుట్టిన ఫ్యాక్టరీ చీజు పెట్టారు. దాని మీద చాలాసేపు ఎవరికీ ఏ అభ్యంతరమూ రాలేదు. చివరికి పిండిమరంత చప్పుడు చేసే తన మోటారు సైకిలు స్టార్టు చేసి, ఆ చీజుని కాలువలో బాతులకి వేశాడు పోస్టుమాన్. అవి బెదరలేదు, ఎగబడి తిన్నాయి. ఆ కారణమూ పోయింది.

"రుచిగా ఉందని కోయకూడదు, తప్పయితేనే కోయాలి," అని ప్రొఫెసర్ మొత్తుకుంటోంది. ఆవిడ చేతిలోనూ ప్లేటుంది.

యిక్కె మాత్రం కోటు గుండీలన్నీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఒక్క ముక్క ముట్టలేదు. వానలో గొలుసు లాగిన రోజులూ, మంచులో లాంతరు పట్టుకుని పడవలకి దారి చూపించిన రోజులూ అన్నీ ఆవాల ముద్దతో తినేశారు వీళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనుండటానికి ఒక్క కారణమైనా మిగల్చలేదా?" అంది.

"అటువైపూ మిగల్లేదుగా, బాధపడకు," అంది ఆఫ్కె, మూతి తుడుచుకుంటూ.

అప్పుడు చూసింది ప్రొఫెసర్. కుడి పళ్లెం కాస్త కిందికి దిగి ఉంది. అందులో పిడికెడంత పొగబెట్టిన చీజు.

"ఇదెవరిది? కారణం చెప్పలేదే?"

నాది. పొద్దున అందరికంటే ముందొచ్చి పెట్టాను. ఒప్పుకున్నాను.

"కాటా మనిషే కాటా మీద చెయ్యి వేశాడన్నమాట," అన్నాడు లుబ్బర్ట్.

"చెప్పని కారణాన్ని ఎవరూ కాదనలేరు. అది అన్యాయం," అంది ప్రొఫెసర్. "చెప్పండి, లేదంటే తీసెయ్యండి."

తీసేస్తే యిక్కె వైపు ఇంకేమీ ఉండదు. చెబితే ఊరంతా వింటుంది.

"పొద్దున్నే నేను సైకిలు మీద కాటాకి వస్తుంటే ఆవిడ వంతెన మీంచి చెయ్యి ఊపుతుంది," అన్నాను. "లిఫ్టున్న బిల్డింగు నా దారిలో లేదు."

ఎవరూ నవ్వలేదు. పోస్టుమాన్ కత్తి కింద పెట్టేశాడు.

"అభ్యంతరాలున్నాయా?" అంది ప్రొఫెసర్, మెల్లిగా.

"నాకుంది," అంది యిక్కె లేచి. "నేను చెయ్యి ఊపేది పడవలకి. ఈయనకి కాదు."

"అయితే మరి..." ప్రొఫెసర్ నీళ్లు నమిలింది.

"కాళ్లు నరకండి. రూలు అందరికీ ఒకటే."

నేనే కోశాను. యిక్కె రెండు ముక్కలూ తీసుకుని, ఎవరికీ పెట్టకుండా, నా మొహంలోకి చూస్తూ మొత్తం తినేసింది.

పళ్లేలు రెండూ ఖాళీగా సమానంగా నిలబడ్డాయి.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు లుబ్బర్ట్.

"చేసేదేం లేదు. ఎటూ కారణం లేనప్పుడు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది," అంది ప్రొఫెసర్. "మార్పు కావాలన్నవాళ్లే కారణం చూపించాలి. మీది మీరే తినేశారు కదండీ."

యిక్కె గది నిలిచింది. ఆవిడ నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. గెలిచినందుకు సంతోషించాలో, ఊరంతటి ముందూ పరువు పోయినందుకు ఏడవాలో తెలియక రెండో బిస్కెట్టు అడిగాను. ఇవ్వలేదు.

మర్నాడు వేరే దారిన పోదామనుకున్నాను గానీ ఆ దారిలో ఎదురుగాలి. రాత్రి చలికి కాలువ గడ్డకట్టుకుపోయింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్క పడవ లేదు, వచ్చే దారీ లేదు. యిక్కె వంతెన మీద నిలబడి చెయ్యి ఊపింది.

ఎందుకైనా మంచిదని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. సైకిలు దిగాను.