రోహిణికార్తెలో మోగని సైరన్

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు అడగక్కర్లేకుండా.

మాది పెనుగొండ. మా ఆయనకి బజార్లో బట్టల కొట్టు. నిరుడు రోహిణికార్తెలో తణుకులో పెళ్లికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేసరికి పెరటి తలుపు గడియ విరిగి ఉంది. బీరువాలో నా కాసులపేరు లేదు. హాల్లో మూలన మోషన్ సెన్సర్ పెట్టించి అప్పటికి మూణ్ణెల్లే. ఇంట్లో మనిషి కదిలితే చాలు, సైరన్‌కి వీధంతా అదిరిపోతుందన్నారు. తీరా ఇరుగుపొరుగుని అడిగితే, ఆ మధ్యాహ్నమంతా అది కిక్కురుమనలేదట.

మేం వెళ్లాక మొక్కలకి నీళ్లు పోసి, సైరన్ ఆన్ చేసి, తాళం వేసింది పాపాయమ్మ. పదకొండేళ్ల నుంచి మా ఇంట్లో పని. "మీరు చెప్పినట్టే నంబర్లు నొక్కానండి అమ్మగారూ, ఎర్ర లైటు వెలిగిందండి" అని మొత్తుకుంది. మేం వచ్చేసరికీ లైటు వెలుగుతూనే ఉంది. దొంగ పని కానిచ్చాకే ఆన్ చేసిందని నేను తేల్చేశాను. ఊరుకున్నానా? వాళ్ల పేటకి వెళ్లి నడివీధిలో నిలబడి, "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు! మిషన్ అబద్ధమాడుతుందా?" అని అందరూ వినేలా అరిచాను. పోలీసులు రెండుసార్లు పిలిచి, ఏమీ దొరక్క వదిలేశారు. ఊళ్లో మాత్రం ఆమెని మళ్లీ ఎవరూ పనిలో పెట్టుకోలేదు.

ఈ ఏడు మే నెలాఖరులో సెన్సర్ బ్యాటరీ మార్చడానికి లోకనాథ్ అని కొత్త కుర్రాడొచ్చాడు. మాటల్లో ఆ సంగతి చెప్పాను. అతను హాలు పైకప్పు కేసి చూసి, "ఆ రోజు తలుపులన్నీ వేసున్నాయాండి?" అన్నాడు.

"ఊరెళ్తే వెయ్యమా మరి?"

"ఇది కెమెరా కాదండి. గోడల వేడి ఎంతుందో చూసుకుంటూ ఉంటుందంతే. అంతకంటే వెచ్చటి ఒళ్లు అడ్డంగా కదిలితే, ఆ తేడా పట్టుకుని మోగుతుంది. ఈ ఎండలకి మూసేసిన గది మన ఒంటంత వేడెక్కిపోతుంది కదండీ. ఇక తేడా ఏం తెలుస్తుందండి? ఖరీదైనవాటికి దానికో ఏర్పాటుంటుంది. ఇది చవకరకం."

నమ్మలేదు. మర్నాడు ఏసీ వెయ్యకుండా, కిటికీలు మూసి, మధ్యాహ్నం రెండింటికి సైరన్ ఆన్ చేసి నేనే నడిచాను. మెల్లగా నడిచాను, గబగబా నడిచాను. మోగలేదు. చెమటలు కారిపోతూ, "మోగవే, మోగి చావు!" అని చేతులూపాను. మోగలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆదివారం వాళ్ల పేటకి, పాపాయమ్మ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు రోజూ భీమవరం వైపు వెళ్లి, రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. ఐసుకి వేళ్లన్నీ పగిలిపోయాయి. ఉన్నదంతా చెప్పి, "నాదే తప్పే, మళ్లీ పనిలోకి రా" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పని ఉందండి నాకు. నేను గదిలోకొస్తే మా కోడలు ఇప్పటికీ బీరువా తాళంచెవి తీసి కొంగుకి కట్టుకుంటుందండి. ఆ రోజు వీధిలో నిలబడి అన్నారు కదండీ. ఇదీ అక్కడే నిలబడి చెప్పండి, చాలు."

"తప్పకుండా" అన్నాను. నిజంగా చెబుదామనే బయటికొచ్చాను.

అప్పుడే చర్చి వదిలారు. తెల్లచీరల ఆడవాళ్లతో వీధి నిండిపోయింది. వాళ్లలో కోడలు ఆశాజ్యోతి కూడా ఉంది. నన్ను చూసి అందరూ ఆగిపోయారు.

"ఏంటండీ, మళ్లీ ఇలా వచ్చారు?" అంది ఎవరో పెద్దావిడ.

తల కొట్టేసినట్టయింది నాకు.

"ఏం లేదండీ, ఊరికే... పాపాయమ్మని చూసి పోదామని" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ పాపాయమ్మ విన్నది. "వెళ్లిరండి అమ్మగారూ" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మూడు ఆదివారాలు గడిచాయి. నేనింకా వెళ్లలేదు.